కరెంటు లిమిట్ పెట్టినా ఎల్ఈడీ ఎందుకు పోయింది? (తక్కువ ధర పవర్ సప్లై)

నీలిదీపం
నాలుగు వేల లోపు ధరలో 30 వోల్టులు, 5 ఆంపియర్ల పవర్ సప్లై ఒకటి కొన్నాను. డబ్బా తేలికగా ఉంది, లోపల స్విచింగ్ రకమే (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వోల్టేజీ మార్చేది). ముందు వైపు వోల్టేజీకి ఒక నాబ్, కరెంటుకు ఒక నాబ్, సీవీ (వోల్టేజీ స్థిరం), సీసీ (కరెంటు స్థిరం) అని రెండు చిన్న దీపాలు. కరెంటు లిమిట్ ఉంటే ఎల్ఈడీకి రెసిస్టర్ అక్కర్లేదని చాలా చోట్ల చదివాను. అందుకని 12 వోల్టులు పెట్టి, వైర్లు రెండూ కలిపి షార్ట్ చేసి, కరెంటును 0.02 దగ్గరికి తెచ్చాను. తర్వాత వైర్లు విడదీసి ఎర్ర ఎల్ఈడీ తగిలించాను. ఒక్క మెరుపు, అంతే. రెండోదీ అలాగే పోయింది.

వింత ఏమిటంటే, వోల్టేజీని సున్నాకు దించి, ఎల్ఈడీ తగిలించి, నెమ్మదిగా పెంచితే మాత్రం చక్కగా వెలుగుతోంది. 2 వోల్టుల దగ్గర సీసీ దీపం వెలిగి అక్కడే ఆగిపోతోంది. ఆ పైన నాబ్ ఎంత తిప్పినా పెరగడం లేదు. అంటే లిమిట్ పనిచేస్తోంది కదా? మరి మొదటిసారి ఎందుకు చేయలేదు? సరుకులో లోపమా? వాపసు గడువు ఈ వారంతో ముగుస్తుంది.

సోల్డర్_సుబ్బు
వెనక్కి పంపేయండి. 0.02 అని పెట్టాక అంతకన్నా ఎక్కువ ఇవ్వకూడదు. ఇచ్చిందంటే సరుకు సరైనది కాదు. దీనికి ఇంత ఆలోచన అనవసరం.

ఓమ్_శిష్యుడు
పంపకండి. ఇంకొకటి తెప్పించినా ఇదే చేస్తుంది.

అవుట్‌పుట్ టెర్మినళ్ల వెనకాలే ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. వైర్లు ఖాళీగా ఉన్నంతసేపు అది 12 వోల్టుల దాకా నిండి సిద్ధంగా ఉంటుంది. కరెంటును కొలిచి అదుపు చేసే సర్క్యూట్ ఆ కెపాసిటర్‌కు వెనక వైపు ఉంది. మీరు ఎల్ఈడీ తగిలించిన క్షణంలో కెపాసిటర్‌లో అప్పటికే ఉన్న చార్జీ మొత్తం లిమిట్‌తో సంబంధం లేకుండా ఎల్ఈడీలోకి దూకుతుంది. లిమిట్ సర్క్యూట్ మేలుకునేసరికి కథ ముగిసిపోతుంది. సున్నా నుంచి పెంచినప్పుడు కెపాసిటర్ మీద వోల్టేజీ ఎల్ఈడీతో పాటే పెరిగింది కాబట్టి దూకడానికి ఏమీ మిగలలేదు. మీరు గమనించిన ఆ తేడాయే అసలు ఆధారం.

పద్ధతి ఇలా మార్చుకోండి. ముందు వోల్టేజీని పరికరానికి కావలసినంతే పెట్టండి. ఎర్ర ఎల్ఈడీకి 2, నీలం, తెలుపు వాటికి 3 వోల్టుల చుట్టుపక్కల చాలు. తప్పనిసరిగా 12 కావాలంటే 470 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి, 21 మిల్లీఆంప్స్ దగ్గర ఆగుతుంది. రూపాయి కూడా ఖర్చు కాదు. కరెంటు లిమిట్ అనేది బోర్డులు తగలబడకుండా చూస్తుంది. రెసిస్టర్ చేసే పని అది చేయదు.

సోల్డర్_సుబ్బు
కెపాసిటర్ సంగతి నాకూ తెలుసు. కానీ మిల్లీసెకన్లలో ఖాళీ అయ్యేదానికి ఎల్ఈడీ చచ్చిపోతుందా? నమ్మలేను. నాబ్ దగ్గరే ఏదో లూజు కనెక్షన్ ఉండి ఉంటుంది.

ఓమ్_శిష్యుడు
లెక్క వేసి చూడండి. 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ 12 వోల్టులకు నిండితే అందులో 0.072 జౌళ్ల శక్తి ఉంటుంది. వినడానికి చిన్న సంఖ్యే. అయితే 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ అని మనం పిలిచేది పై ప్లాస్టిక్ కొలత. లోపల వెలిగే చిప్ ఆవగింజ కన్నా చిన్నది, దానికి అతికించిన తీగ తల వెంట్రుక కన్నా సన్నం. వేడి పక్కకు పోవడానికి సమయమే ఉండదు.

రాగితీగ
నా దగ్గర పాత కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (అందులోని స్విచింగ్ పవర్ సప్లై) ఉంది. ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే ఆన్ అవుతుంది. 3.3, 5, 12 వోల్టులు మూడూ వస్తాయి. ఖర్చు సున్నా. ఇంతమంది వేలు పోసి ఈ డబ్బాలు ఎందుకు కొంటున్నారో అర్థం కాదు.

బడి_ల్యాబ్
రాగితీగ గారూ, పిల్లల చేతికి దాన్ని ఇవ్వడానికి నేను ఒప్పుకోను. 12 వోల్టుల లైను మీద పది ఆంపియర్లకు పైగా తీసుకోవచ్చు. అంతవరకు అది షార్ట్‌ను షార్ట్‌గా గుర్తించదు. బ్రెడ్‌బోర్డ్‌లో ఒక జంపర్ వైరు తప్పు రంధ్రంలోకి వెళ్తే ఇన్సులేషన్ కరిగి పొగ వస్తుంది. నేర్చుకునే వాళ్లకు తగ్గించుకోగల లిమిట్ ఉండడమే ప్రధానం. మోటార్లు, ఎల్ఈడీ స్ట్రిప్పులు నడపడానికైతే మీ మాటే సరైనది.

నీలిదీపం గారి ప్రశ్నకు నా దగ్గర ఆసిలోస్కోప్ (వోల్టేజీ మార్పును తెర మీద గీతగా చూపే పరికరం) ఉంది, మా ల్యాబ్ సప్లై కూడా అదే తరగతిది. సెలవు రోజు కొలిచి చెబుతాను. వాదన కన్నా గీత నయం.

పాత_రేడియో
ఈ గొడవంతా స్విచింగ్ డబ్బాలతోనే. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఎత్తాలంటే రెండు చేతులూ కావలసిన ట్రాన్స్‌ఫార్మర్ సప్లైలు ఉండేవి, గుర్తున్నాయా? లోపల వోల్టేజీని స్థిరంగా ఉంచే 723 ఐసీ, వెనక అల్యూమినియం రెక్కల మీద 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. 723 1960ల నాటిది, ఇప్పటికీ అంగడిలో దొరుకుతుంది. ఆ సప్లైల్లో రిపుల్ (వోల్టేజీలో మిగిలే అలలు) కొన్ని మిల్లీవోల్టులు మించదు. కాలేజీలు తీసేసినవి సెకండ్ హ్యాండ్‌లో వస్తే వదలకండి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు, నాబ్‌ల పొటెన్షియోమీటర్లు మార్చుకుంటే ఇంకో ఇరవై ఏళ్లు నడుస్తాయి. హైదరాబాద్ వాళ్లకు కోఠి గుజరాతీ గల్లీలో ఈ విడిభాగాలన్నీ దొరుకుతాయి.

ఓమ్_శిష్యుడు
పాత_రేడియో గారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. మీరు చెప్పే ఆ లీనియర్ (స్విచింగ్ కాని) సప్లైలోనూ అవుట్‌పుట్ కెపాసిటర్ ఉంటుంది. సాధారణంగా చిన్నది, అంతే తేడా. ఎల్ఈడీకి దెబ్బ తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఇక వేడి మాట. లోపల 40 వోల్టులు ఉండి బయటికి 5 వోల్టులు, 2 ఆంపియర్లు తీసుకుంటే మిగిలిన 35 వోల్టులు ఆ ట్రాన్సిస్టర్ల మీదే పడతాయి. 70 వాట్ల వేడి! మనం వాడుకున్నది 10 వాట్లు.

పాత_రేడియో
వేడి నిజమే. అందుకే మంచి లీనియర్ సప్లైల్లో రిలేలు పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపులు (కాయిల్ మధ్యలోంచి తీసిన వైర్లు) మారుస్తారు. వోల్టేజీ నాబ్ తిప్పుతుంటే లోపల టక్కుమని వినిపించేది అదే. అయినా ఆడియో ఆంప్లిఫయర్, రేడియో రిసీవర్ చేసేవాళ్లకు నా సలహా మారదు. స్విచింగ్ సప్లై పెట్టి షార్ట్‌వేవ్ రిసీవర్ ఆన్ చేయండి, స్టేషన్ కన్నా సప్లైయే గట్టిగా వినిపిస్తుంది.

సోల్డర్_సుబ్బు
షార్ట్‌వేవ్ వినేవాళ్లు ఇంకా ఉన్నారా?

పాత_రేడియో
ఉన్నాం. రాత్రి పదకొండు తర్వాత రండి, వినిపిస్తాను.

మొబైల్_మస్తాన్
నాది ఫోన్ రిపేరు షాపు. మా పనికి ఈ డీసీ పవర్ సప్లై లేకపోతే చేయి విరిగినట్టే. మీరంతా డిజిటల్ అంకెల గురించి మాట్లాడుతున్నారు. మేము మాత్రం ముల్లు మీటరు ఉన్న 15 వోల్టులు, 2 ఆంపియర్ల సప్లైయే వాడతాం. ఎందుకో చెబుతాను.

చచ్చిన ఫోను వచ్చిందంటే బ్యాటరీ తీసేసి, 4 వోల్టులు పెట్టి బ్యాటరీ కనెక్టర్ దగ్గర తగిలిస్తాం. పవర్ బటన్ ముట్టుకోకముందే ముల్లు లేచిందంటే ప్రధాన లైనులో షార్ట్. బటన్ నొక్కినా ముల్లు కదలకపోతే బటన్ దారి కానీ పవర్ ఐసీ కానీ చూడాలి. నొక్కగానే కొంచెం లేచి, ఆగి, మళ్లీ పైకి ఊగుతూ పోతే బోర్డు బూట్ అవుతోంది, లోపం డిస్‌ప్లే వైపు ఉండవచ్చు. లేచి ఒకే చోట నిలబడిపోతే సాఫ్ట్‌వేర్ కానీ మెమరీ కానీ అనుమానిస్తాం. డిజిటల్ మీటరు అంకెలు సెకనుకు రెండు మూడు సార్లే మారతాయి, ఈ ఊగుడు అందులో కనిపించదు. ముల్లు నడకకు అలవాటు పడితే బోర్డు మీద ఎక్కడ ఆగిందో సగం తెలిసిపోతుంది.

షార్ట్ వెతకడానికి కూడా ఇదే. వోల్టేజీ 1కి దించి, కరెంటు 1 ఆంపియర్ దాకా వదిలి, బోర్డు మీద రోజిన్ పొగ పట్టిస్తాం. తెల్లటి పొర పడుతుంది. సప్లై ఆన్ చేయగానే షార్ట్ అయిన చిన్న కెపాసిటర్ మీద మాత్రం ఆ తెలుపు కరిగి నల్లటి చుక్క కనిపిస్తుంది. దాన్ని తీసేస్తే చాలాసార్లు ఫోను బతుకుతుంది. ఇక్కడ వోల్టేజీ తక్కువ ఉండాలని మా గురువు మొదటి రోజే చెప్పారు. 4 వోల్టులు వదిలితే షార్ట్ తెగిపోయి, ఆ వోల్టేజీ తట్టుకోలేని ప్రాసెసర్ లైనులోకి వెళ్తుంది.

నీలిదీపం
మస్తాన్ గారూ, పొగ పద్ధతి గురించి మొదటిసారి వింటున్నాను. ఇన్నాళ్లూ షార్ట్ వెతకడమంటే వేలితో తడిమి చూడడమే అనుకున్నాను.

మొబైల్_మస్తాన్
వేలు కూడా వాడతాం తమ్ముడూ. కాలితే దొరికినట్టే.

నీలిదీపం
తమ్ముడిని కాదు, చెల్లిని అన్నా.

మొబైల్_మస్తాన్
సరే చెల్లీ. పెదవికి తగిలిస్తే వేలి కన్నా త్వరగా తెలుస్తుందనే వాళ్లూ ఉన్నారు. ఆ పని మాత్రం చేయకు. బోర్డు మీద ఫ్లక్స్, సీసం ఉంటాయి.

బోరుమోటారు
దారి మళ్లిస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇదే రకం సప్లై. పొలంలో బోరు మోటారుకు మిస్డ్ కాల్ ఇస్తే స్టార్టర్ ఆన్ అయ్యే బోర్డు చేస్తున్నాను. సిమ్800ఎల్ మాడ్యూల్ (సిమ్ వేసి కాల్ అందుకునే చిన్న 2జీ బోర్డు). సప్లై 4 వోల్టులు, లిమిట్ 1 ఆంపియర్. మాడ్యూల్ ఆన్ అవుతుంది, నెట్‌వర్క్ వెతికేటప్పుడు రీసెట్ అవుతుంది, మళ్లీ ఆన్ అవుతుంది. రోజంతా ఇదే వరస. సప్లై మీటరులో 0.2 దాటడం ఎప్పుడూ చూడలేదు. లిమిట్‌కు చాలా దూరంలో ఉంది కాబట్టి మాడ్యూలే నకిలీదని అనుమానం.

ఓమ్_శిష్యుడు
మాడ్యూల్‌ను అప్పుడే అనుమానించకండి. 2జీ ఫోను నిరంతరంగా ప్రసారం చేయదు. 4.6 మిల్లీసెకన్లకు ఒకసారి, 0.577 మిల్లీసెకన్ల పాటు మాత్రమే అరుస్తుంది. ఆ కాసేపు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. మిగతా సమయం దాదాపు నిద్రే. మీ మీటరు సగటు చూపిస్తోంది కాబట్టి 0.2 అంటోంది. అసలు మొన (ఆ క్షణకాలపు పెద్ద కరెంటు) మీ 1 ఆంపియర్ లిమిట్‌ను తాకగానే సప్లై వోల్టేజీ దించేస్తుంది. మాడ్యూల్‌కు 3.4 వోల్టుల కన్నా తగ్గకూడదు. అందుకే రీసెట్. సీసీ దీపం మెరుస్తోందా, గది చీకటి చేసి చూడండి.

లిమిట్ 2.5 ఆంపియర్లకు పెంచండి. మాడ్యూల్ కాళ్ల దగ్గరే 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టండి. సప్లైతో వచ్చిన ఎర్ర, నల్ల మొసలి క్లిప్పుల వైర్లు పారేయండి. బయటికి లావుగా కనిపిస్తాయి కానీ లోపల రాగి పోగులు నాలుగే ఉంటాయి. సప్లై ముఖం మీద 4.00 ఉన్నా మాడ్యూల్ దగ్గర ఎంత ఉందో మల్టీమీటర్‌తో అక్కడే కొలవండి. మొనలు మల్టీమీటర్‌కు అందవు కానీ వైర్లలో పోయే సగటు అయినా తెలుస్తుంది.

రాగితీగ
ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు) కూడా వైఫై మొదలయ్యేటప్పుడు ఇలాగే చేస్తుంది. సీరియల్ మానిటర్‌లో బ్రౌన్‌అవుట్ (వోల్టేజీ పడిపోయింది) అని వస్తే చాలామంది కోడ్‌లో ఆ హెచ్చరికనే ఆపేస్తారు. వైర్లు మార్చుకుంటే సరిపోయేదానికి.

సోల్డర్_సుబ్బు
బోరుమోటారు గారూ, సిమ్ జియోది కాదు కదా? జియోకు 2జీ లేదు. సిమ్800ఎల్ 2జీ మాత్రమే మాట్లాడుతుంది.

బోరుమోటారు
వేరే కంపెనీ సిమ్ అండీ, టవర్ ఊళ్లోనే ఉంది. కెపాసిటర్ రేపు టౌనుకు వెళ్లి తెస్తాను.

బడి_ల్యాబ్
కొలిచాను. వివరంగా రాస్తున్నాను, ఎవరైనా మళ్లీ చేసి చూసుకోవచ్చు.

ఎల్ఈడీ బదులు 10 ఓమ్‌ల రెసిస్టర్ తీసుకున్నాను. ఎల్ఈడీ అయితే మధ్యలోనే చచ్చి గీత పాడవుతుంది. సప్లై 12 వోల్టులు, లిమిట్ 0.02. రెసిస్టర్ తగిలే క్షణాన్ని పట్టుకునేలా స్కోపును సింగిల్ ట్రిగ్గర్‌లో పెట్టాను. 0.02 ఆంపియర్లే పోతే 10 ఓమ్‌ల మీద 0.2 వోల్టులు కనిపించాలి. గీత మాత్రం 12 దగ్గరి నుంచి మొదలైంది. అంటే తొలి క్షణంలో 1.2 ఆంపియర్లు, పెట్టిన లిమిట్‌కు 60 రెట్లు! అక్కడి నుంచి వంపు తిరిగి దిగుతూ, 4.4 వోల్టులకు చేరడానికి సుమారు 5 మిల్లీసెకన్లు తీసుకుంది. 0.2 దగ్గర కుదురుకోవడానికి దాదాపు 25 పట్టింది.

12లో 37 శాతం 4.4. అక్కడికి చేరే సమయమే రెసిస్టర్, కెపాసిటర్ విలువల లబ్ధం, అంటే టైమ్ కాన్‌స్టంట్. 5 మిల్లీసెకన్లను 10 ఓమ్‌లతో భాగిస్తే 500 మైక్రోఫారడ్‌లు. అంటే లోపల దానికి దగ్గరగా బజారులో దొరికే 470 కెపాసిటర్ ఉందని మూత తీయకుండానే తెలిసింది. మూత తీయవద్దు కూడా. ప్లగ్ పీకిన తర్వాత కూడా లోపలి ప్రైమరీ కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉండవచ్చు.

అదే సమయంలో సప్లై సొంత మీటరు 0.02 చూపిస్తూ ఉంది. దానికి ఆ మొన జాడే తెలియదు.

సోల్డర్_సుబ్బు
సరే, అంకెలు వచ్చాక నాకు అభ్యంతరం లేదు, కెపాసిటరే. అయినా నా కోపం తగ్గలేదు. డబ్బా మీద కరెంటు ప్రొటెక్షన్ అని పెద్ద అక్షరాలతో రాసి, మాన్యువల్‌లో ఈ ఒక్క మాట రాయకపోవడం కొనేవాళ్లను మోసం చేయడమే. నేర్చుకునే పిల్లలు ఎల్ఈడీ పోతే తమ చేతిదే తప్పు అనుకుని మానేస్తారు.

బడి_ల్యాబ్
ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా ల్యాబ్‌లో ఒక కాగితం మీద "తగిలించే ముందు వోల్టేజీ దించు" అని రాసి సప్లైకి అంటించాను.

నీలిదీపం
బడి_ల్యాబ్ గారూ, ఇంత శ్రమ తీసుకున్నందుకు కృతజ్ఞతలు. వాపసు ఆలోచన మానుకున్నాను. ఇంకో సంగతి అడగాలి. సప్లై వెనక స్క్రూ తగిలితే చేతికి జివ్వుమంటోంది. మల్టీమీటర్ ఏసీలో పెట్టి నల్ల టెర్మినల్‌కు, కిటికీ ఇనుప చువ్వకు మధ్య చూస్తే 90 వోల్టులకు పైగా ఉంది. ఇదీ మామూలేనా?

డల్లాస్_దత్తు
మామూలు కాదు, కానీ మన ఇళ్లలో చాలా సాధారణం. స్విచింగ్ సప్లైలో శబ్దం అణచడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు డబ్బా ఇనుముకు కలుపుతారు. ఎర్త్ ఉంటే ఆ కొద్ది కరెంటు ఎర్త్‌లోకి పోతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా 230లో సగం దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమనడమే. సున్నితమైన మాస్‌ఫెట్ గేటుకు మాత్రం అది చాలు, చచ్చిపోతుంది. నిర్ధారించుకోవాలంటే ఆ రెండు చోట్ల మధ్య 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి మళ్లీ కొలవండి. అంకె ఒక్కసారిగా పడిపోతే లీకేజీయే. పడకపోతే సప్లైని వాడకండి, ఎక్కడో నేరుగా ఫేజు తగులుతోంది. రెసిస్టర్‌ను చేత్తో పట్టుకోకుండా క్లిప్పులతో తగిలించండి.

వెనక వైపు 115, 230 అని చిన్న స్లైడ్ స్విచ్ ఉందేమో కూడా చూడండి. మా అల్లుడికని ఇక్కడ అమెరికా నుంచి సప్లై పంపినప్పుడు దాన్ని 230కి మార్చి, టేపు అంటించి మరీ పంపాను. 115లో ఉంచి మన ప్లగ్‌లో పెడితే లోపలి కెపాసిటర్ల జత మీదికి 650 వోల్టుల దాకా వెళ్తుంది. పెద్ద శబ్దంతో పేలుతుంది.

నీలిదీపం
స్విచ్ 230లోనే ఉంది. 100 కిలోఓమ్‌లు పెడితే 10 వోల్టుల కిందికి పడిపోయింది. అంటే ఎర్త్ లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. సాకెట్‌లో ఎర్త్ రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపేస్తే సరిపోతుంది అంటున్నాడు.

ఓమ్_శిష్యుడు
వద్దు! ఆ పని చేయనివ్వకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే ఆ సాకెట్‌లో ఉన్న ప్రతి ఇనుప వస్తువు మీదికి నేరుగా 230 వస్తుంది. ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్, మీ సప్లై, అన్నీ.

పాత_రేడియో
విడిగా ఎర్త్ గుంత తీయించండి. బొగ్గు, ఉప్పు పొరలు వేసి జీఐ పైపు దించుతారు. ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తూ ఉండాలి, ఎండితే పని చేయదు. ఎర్త్ లీకేజీ బ్రేకర్ కూడా పెట్టించండి అమ్మాయీ. ఖర్చు అనుకోవద్దు.

రాగితీగ
ముందు ప్యానెల్ మీద ఎరుపు, నలుపు మధ్యలో ఆకుపచ్చ టెర్మినల్ ఉంటుంది కదా, అది నెగటివ్ అనుకుని నా మిత్రుడొకడు సర్క్యూట్ దానికే కలిపి, ఏదీ పని చేయడం లేదని గంటసేపు వెతికాడు.

ఓమ్_శిష్యుడు
మంచి మాట గుర్తుచేశారు. ఆకుపచ్చది ఎర్త్ మాత్రమే. నలుపు, ఎరుపు రెండూ ఎర్త్‌కు సంబంధం లేకుండా తేలుతూ ఉంటాయి. అందువల్లే ఇలాంటివి రెండు కొని ఒకదాని ఎరుపును ఇంకోదాని నలుపుకు కలిపితే ప్లస్ 12, మైనస్ 12 వస్తాయి, ఆప్‌ఆంప్ సర్క్యూట్లకు పనికొస్తాయి. కంప్యూటర్ ఎస్ఎంపీఎస్‌లు రెండింటితో ఇది కుదరదు. వాటి నల్ల వైర్లు ఎర్త్‌కు కలిసే ఉంటాయి కాబట్టి కలపగానే షార్ట్.

డల్లాస్_దత్తు
కొత్తగా కొనేవాళ్లకు ఇంకో దారి. ఫోన్ చార్జర్లలో పీపీఎస్ (అడిగినంత వోల్టేజీ ఇచ్చే సదుపాయం) ఉన్నవి వస్తున్నాయి. చిన్న ట్రిగ్గర్ బోర్డు పెడితే 20 మిల్లీవోల్టుల మెట్లతో వోల్టేజీ మార్చుకోవచ్చు. ప్రయాణంలో జేబులో పడుతుంది.

బడి_ల్యాబ్
జేబులో పడుతుంది, నిజమే. కానీ 20 మిల్లీఆంప్స్ లాంటి చిన్న లిమిట్లకు అది తయారు కాలేదు. 3.3 వోల్టుల కిందికి దిగదు కాబట్టి మస్తాన్ గారి 1 వోల్టు పనికీ రాదు. బల్ల మీద శాశ్వతంగా ఉండాల్సిందాన్ని నాబ్‌లతోనే కొనమంటాను.

రాగితీగ
18650 లిథియం బ్యాటరీలు దీంతో చార్జ్ చేయవచ్చా? 4.2 వోల్టులు, 1 ఆంపియర్ పెట్టి?

సోల్డర్_సుబ్బు
చేయవద్దు. చార్జర్ ఐసీ మాడ్యూల్ ముప్పై రూపాయలకు వస్తుంది.

మొబైల్_మస్తాన్
మేము రోజూ చేస్తాం. డెడ్ బ్యాటరీకి కాస్త ప్రాణం పోసి ఫోను ఆన్ చేసి చూడాలంటే వేరే దారి లేదు. కానీ పక్కనే కూర్చుంటాం, టీకి కూడా వెళ్లం. ప్యానెల్ అంకెను నమ్మకుండా 4.2ను మల్టీమీటర్‌తో కొలిచి పెట్టుకోండి. చవక సప్లైలో 0.05 తేడా మామూలే, లిథియం బ్యాటరీకి అది ఎక్కువ. ఉబ్బిన బ్యాటరీని, 2.5 వోల్టుల కిందికి పడిపోయినదాన్ని ముట్టుకోకండి.

ఓమ్_శిష్యుడు
కరెంటు పోతే ఏమవుతుందో కూడా ఆలోచించండి. సప్లై ఆగిపోతే బ్యాటరీ వెనక్కి సప్లైలోకి కరెంటు తోస్తుంది. కొన్ని డబ్బాలు దాన్ని తట్టుకోవు. మధ్యలో షాట్కీ డయోడ్ పెడితే వెనక్కి పోదు, కానీ డయోడ్ దగ్గర పడే వోల్టేజీ కరెంటును బట్టి మారుతుంది కాబట్టి 4.2 కచ్చితంగా కుదరదు. ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట సుబ్బు గారు చెప్పిన మాడ్యూలే సరైనది.

సోల్డర్_సుబ్బు
ఈ మాట దాచుకుంటాను, మనిద్దరం ఏకీభవించిన రోజు.

బోరుమోటారు
కెపాసిటర్ పెట్టాను, లిమిట్ 2.5 చేశాను, వైర్లు మార్చాను. ఉదయం నుంచి మాడ్యూల్ ఒక్కసారి కూడా రీసెట్ కాలేదు. కాల్ వస్తోంది, రిలే పడుతోంది. అయితే బోర్డును స్టార్టర్‌కు కలిపి చూస్తే కొత్త తంటా వచ్చింది. మోటారు ఆన్ చేసేటప్పుడు ఏమీ కాదు, ఆపేటప్పుడు మాత్రం మాడ్యూల్ మళ్లీ రీసెట్. రిలే కాయిల్ మీద 1ఎన్4007 డయోడ్ తిరగేసి పెట్టాను.

ఓమ్_శిష్యుడు
రిలే కాదు, రిలే ఆపుతున్న కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటారును కలిపే పెద్ద స్విచ్) కాయిల్. తెగిన క్షణంలో అందులోంచి పెద్ద వోల్టేజీ మొన వస్తుంది, రిలే పాయింట్ల దగ్గర నిప్పురవ్వ లేస్తుంది. దాని శబ్దం మీ బోర్డుకు పాకుతోంది. అది ఏసీ కాయిల్ కాబట్టి డయోడ్ పనికిరాదు. 100 ఓమ్‌ల రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 (మెయిన్స్ లైనుకు అడ్డంగా పెట్టే రకం) కెపాసిటర్ వరసగా కలిపి కాయిల్‌కు అడ్డంగా పెట్టాలి. కాయిల్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉంది?

బోరుమోటారు
415.

ఓమ్_శిష్యుడు
అయితే దుకాణంలో మామూలుగా ఇచ్చే 275 వోల్టుల ఎక్స్2 చాలదు. 440 వోల్టుల ఏసీ రేటింగ్ ఉన్న స్నబ్బర్ (ఇదే రెసిస్టర్, కెపాసిటర్ జత) అడగండి, కాంటాక్టర్ అమ్మేచోటే రెడీమేడ్‌గా దొరుకుతుంది. మీ రిలే పాయింట్లు కూడా 415కు సరిపోతాయో లేదో చూడండి, నీలిరంగు చిన్న రిలేలు 250 వోల్టులకే చేసినవి. మెయిన్ ఆపి, టెస్టర్‌తో మూడు ఫేజులూ చూసుకున్నాకే చేయి పెట్టండి.

బోరుమోటారు
నీలి రిలేనే ఉంది. పెద్దది తెస్తాను, స్నబ్బర్ కూడా.